కుందేలుకి నాలుగో కాలు

“తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు” అన్న సామెత మనందరికీ తెలిసిందే. మొండివాళ్లని దెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు. మా ఇంట్లో మా వారూ నేనూ ఒకరినొకరం ఆ మాట అనుకోని వారం ఉండదు. అయితే ఇన్నేళ్లుగా అంటూ, అనిపించుకుంటూ ఉన్నా నాకొక సంగతి ఎప్పుడూ తట్టలేదు. ఆ సామెతలో అందరి దృష్టీ పట్టినవాడి మొండితనం మీదే ఉంటుంది. వాడి చేతిలో చిక్కిన కుందేలు గురించి ఎవరూ అడగరు. తనకి కాళ్లు మూడో నాలుగో దానికి తెలియదూ? తెలుసు. చెప్పదు, అంతే!

ఏడేళ్ల కిందట మా ఇంటికి ఒక కుందేలు వచ్చాక గానీ ఆ నాలుగో కాలు గురించి నేను ఆలోచించలేదు.

మేముండేది బోయిన్‌పల్లిలో. షాబాదు బండలు పరిచిన పాతకాలపు ఇల్లు, వెనక చారెడు పెరడు, అందులో ఒక జామచెట్టు. కూరగాయల మార్కెట్టుకి వచ్చే లారీల చప్పుడే మాకు సుప్రభాతం. మా చిన్నమ్మాయి అప్పుడు ఏడో తరగతి. పుట్టినరోజుకి గౌను వద్దు, కేకు వద్దు, కుందేలే కావాలని మూడు నెలలు సత్యాగ్రహం చేసింది. ఆడపిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే నిలబడగలిగిన తండ్రిని నేనింతవరకు చూడలేదు. ఒక ఆదివారం మా వారు దాన్ని వెంటబెట్టుకుని చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌కి వెళ్లారు. మధ్యాహ్నానికి చెప్పుల డబ్బాలో గుప్పెడు దూది పెట్టుకుని వచ్చారు. ఆ దూదికి రెండు ఎర్రటి కళ్లు, ఆగకుండా అదిరే ముక్కు. పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది. దూది అనే పిలిచాం.

మా అత్తగారు మాత్రం బుగ్గ నొక్కుకున్నారు. “చెవులపిల్లిని తెచ్చినారు? అడవిల దునికేదాన్ని ఇంట్ల కట్టేస్తే పాపం గాదా బిడ్డా?”

నాకున్న కాస్త చదువూ ఉపయోగించి ఆవిడకి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మన చేలల్లో, పొదల్లో కనిపించే చెవులపిల్లి వేరు, ఈ పెంపుడు కుందేలు వేరు అన్నాను. ఆ మాట నిజమే. మన అడవి కుందేలు పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. దాన్ని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను. పెంపుడు కుందేలు పూర్వులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. వీటి పిల్లలు బొరియలో, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చూపుకి అక్కాచెల్లెళ్లలా ఉన్నా రెండింటి జాతులూ వేరు. “కాబట్టి దీనికి అడవితో పనిలేదు అత్తమ్మా. మనుషుల దగ్గర పుట్టిందే ఇది” అని ముగించాను. ఆవిడ నా ఉపన్యాసం అంతా విని, “గట్లనా?” అని ఊరుకున్నారు. ఆవిడ దేనికైనా ఊరుకుంటారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాత తొమ్మిది నెలలు దూదికి జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. పొద్దున క్యారెట్టు, మధ్యాహ్నం అరటిపండు, సాయంత్రం మా వారి టీ బిస్కెట్లలో వాటా. ఆదివారం షాంపూతో స్నానం. రోజంతా ఎవరో ఒకరి ఒడి. వచ్చిన చుట్టాలందరికీ ప్రదర్శన. దాన్ని వెల్లకిలా తిప్పి ఒళ్లో పడుకోబెట్టి పొట్ట మీద రాస్తే, కాళ్లు చాచేసి కదలకుండా ఉండిపోయేది. “చూశారా, ఎంత హాయిగా నిద్రపోతోందో!” అని మా అమ్మాయి మురిసిపోయేది. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను. ఇంత ప్రేమగా చూసుకుంటుంటే దానికేం లోటు? ఒక్కనాడు అరవలేదు, కరవలేదు, అలగలేదు. అలగకపోతే సుఖంగా ఉన్నట్టే లెక్క అనుకునే ఇల్లాలిని నేనొక్కదాన్నే కాదు గదా!

మరుసటేడు మే నెల వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. నా సీరియల్ ఒక వారం వెనకబడి పత్రికవాళ్ల ఫోన్లు. ఇంటినిండా సెలవులకొచ్చిన పిల్లలు. దూది గిన్నెలో పొద్దున వేసిన క్యారెట్టు ముక్క సాయంత్రానికి కూడా అలాగే ఉంది. ఎండకి సయించడం లేదు కాబోలు అనుకుని ఆ ముక్క తీసేసి కొత్తది వేశాను. రాత్రికి అదీ అలాగే ఉంది. కూర్చుని ఆలోచించే తీరికేదీ? నా నవలలో నాయిక మనసు విప్పి చెప్పుకోలేక కుమిలిపోతున్న ఘట్టం రాస్తున్నాను మరి!

మర్నాడు పొద్దున మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, “నిన్నటి సంది అది తింటలేదు, చూసినవా?” అన్నారు.

“ఎండలకి అత్తమ్మా.”

“కాదు బిడ్డా. గిన్నె కాడికి పోతున్నది. ముక్క నోట్ల పెట్టుకుంటున్నది, ఇడుస్తున్నది. మల్ల పోతున్నది. ఆకలి లేక గాదు. దానికి తినొస్తలేదు.”

అప్పుడు వెళ్లి చూశాను. తొమ్మిది నెలల్లో మొదటిసారి, ఎత్తుకోవడానికి కాకుండా చూడడానికి చూశాను. మూల నక్కి, ఒళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది. గడ్డం కింద బొచ్చు తడిగా అట్టకట్టి ఉంది. నేల మీద రోజూ ఊడ్చి ఊడ్చి విసుక్కునే పెంటికలు ఒక్కటీ లేవు. పళ్లు కటకటమని నూరుతోంది.

మొదట ఫోన్ చేసినచోట కుక్కలూ పిల్లులే చూస్తామన్నారు. రెండోచోట ఒక డాక్టరు తీసుకురమ్మన్నాడు. చిన్నవాడే. దాని నోట్లోకి లైటు వేసి చూసి, నన్ను కూడా చూడమన్నాడు. వెనక దంతాలు సూదుల్లా పెరిగి నాలుకని కోస్తున్నాయి.

“ఏం పెడుతున్నారమ్మా దీనికి?”

చెప్పాను. గర్వంగానే చెప్పడం మొదలుపెట్టాను గానీ, సగంలోనే నా గొంతు నాకే తగ్గిపోయింది.

కుందేలు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. రోజంతా గడ్డీ, దానికి తోడు కాసిని ఆకులూ దాని భోజనం. క్యారెట్టూ పండూ మనకి మిఠాయిలాంటివి, ఎప్పుడో ఒక చిన్న ముక్క తప్ప పెట్టకూడదు. బిస్కెట్టు అసలే కూడదు. పైగా దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. ఒక పూట తిండి మానితే చాలు, పేగుల్లో కదలిక మందగిస్తుంది. ఒక రోజు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. “కుందేలు జబ్బు పడిన రోజున మనకి తెలియదమ్మా. తెలిసేసరికే ఆలస్యమైపోతుంది” అన్నాడాయన, సెలైను ఎక్కిస్తూ.

మత్తిచ్చి ఆ దంతాలు అరగదీశాడు. ఆ తర్వాత నాలుగు రోజులు సూది లేని సిరంజితో, మెత్తగా నూరిన మేత చుక్కచుక్కగా తాగించాం. ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. మా అమ్మాయి దాని పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఐదోరోజు తెల్లవారుజామున, మార్కెట్టు లారీలు ఇంకా రాకముందే, ‘కరకర’మని సన్నటి చప్పుడు వినిపించింది. మా అత్తగారు పెరట్లోంచి కోసి పెట్టిన గరిక నములుతోంది. పాట కచేరీలు చాలా విన్నాను గానీ, చెవికి అంత ఇంపైన చప్పుడు నేను మరెక్కడా వినలేదు.

అప్పటినుంచి కుందేళ్ల గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ సిగ్గు పెరిగింది. వెల్లకిలా తిప్పినప్పుడు కదలకుండా ఉండిపోవడం నిద్ర కాదట, హాయీ కాదట. వేటాడే జంతువు నోటికి చిక్కినప్పుడు బిగుసుకుపోతుందే, అదీ! స్నానం చేయిస్తే భయంతోనే గుండె ఆగిపోవచ్చట. ఎత్తుకుంటే గద్ద తన్నుకుపోయినట్టే దానికి తోస్తుంది. ఆ కంగారులో వెనక కాళ్లు బలంగా విదిలించి, తన వెన్ను తనే విరగ్గొట్టుకున్న కుందేళ్లున్నాయి. చుట్టూ దాదాపు అన్ని వైపులా చూడగలదు గానీ, సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనిపించదు. మనం ముద్దుగా చెయ్యి పెట్టేది అక్కడే!

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? చెప్పకపోవడమే దాని బతుకుతెరువు. అడవిలో ఏ కుందేలు కుంటితే దాన్నే నక్క ముందు పట్టుకుంటుంది. అందుకని నొప్పిని దాచుకోవడం దానికి రక్తంలోనే ఉంది. ప్రాణభయం ముంచుకొస్తే తప్ప కుందేలు కేక వెయ్యదు.

కోఠీలో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు ఫిలాసఫీ క్లాసులో బెంథామ్ అనే ఇంగ్లీషాయన గురించి చెప్పారు. 1789లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన జంతువుల సంగతి ఎత్తాడు. వాటికి తెలివుందా, మాట ఉందా అన్నది కాదు, బాధ ఉందా లేదా అన్నదే చూడాలని ఆయన వాదన. పరీక్షలో ఈ జవాబు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ పెద్దమనిషి ఎదురైతే ఒక సందేహం అడగాలని ఉంది. “అయ్యా, బాధ ఉందని ఒప్పుకున్నాం. దాచుకునేవాళ్ల బాధ తెలిసేదెలాగ?” అని.

ఎందుకంటే, దాచుకునేవాళ్ల మౌనాన్ని లోకం ఎప్పుడూ తనకి అనుకూలంగానే చదువుకుంటుంది. 1944లో అమెరికాలో డ్రైజ్ అనే శాస్త్రవేత్త పేరుమీద ఒక పరీక్ష వచ్చింది. మనం పెట్టుకునే కాటుకలు, షాంపూలు, క్రీములు కంటికి హాని చేస్తాయో లేదో తెలుసుకోవడానికి, కుందేళ్లని కదలకుండా బిగించి వాటి కళ్లలో ఆ పదార్థాలు వేసి చూసేవారు. కుందేలునే ఎందుకు ఎంచుకున్నారూ అంటే, పెద్ద కళ్లు, చవక, పైగా సాధువు! సాధుత్వానికి లోకం ఇచ్చే బహుమానం అది. మన దేశంలో అలంకరణ సామగ్రిని జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. అంతకుముందు ఎన్నేళ్లపాటు అద్దం ముందు నిలబడి ఆ మాట తలుచుకోకుండానే మనం కళ్లు దిద్దుకున్నామో!

మూగజీవాల పట్ల క్రూరత్వాన్ని నేరంగా చూడాలని రాజ్యసభలో బిల్లు తెచ్చి పట్టుబట్టింది ఒక స్త్రీ, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. 1960లో వచ్చిన చట్టం వెనక ఆవిడ పట్టుదల ఉంది. కొట్టడం, హింసించడమే కాదు, పెంచుకునేవాళ్లు చాలినంత తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోయినా ఆ చట్టం కింద నేరమే. కానీ నాలాంటి వాళ్లని ఏ చట్టం పట్టుకుంటుంది? నేను తిండి పెట్టకపోలేదు. నాకు పెట్టాలనిపించిన తిండి పెట్టాను. ఆ జీవి ఏం తింటుందో తెలుసుకోకుండా, నా ముచ్చట ఏమిటో అది పెట్టాను. దూది దాదాపు చచ్చిపోయింది నా నిర్లక్ష్యం వల్ల మాత్రమే కాదు. అందులో సగం నా ప్రేమ వల్ల. మూడు కాళ్లంటే ఇవే కాబోలు. ముద్దు, మురిపెం, నా సంతోషం. నాలుగో కాలు దానిది. దాని సంతోషం.

ఈ సంగతంతా విని ఎదురింటి పిన్నిగారు, “ఇంత బాధపడే బదులు తీసుకెళ్లి ఏ చెట్ల మధ్యో వదిలేయరాదుటమ్మా? దానికి స్వేచ్ఛ, మీకు పుణ్యం” అన్నారు. కొన్నాళ్లు నాకూ అలాగే అనిపించింది. హస్మత్‌పేట చెరువు వైపు పచ్చిక కనిపించినప్పుడల్లా మనసు లాగింది. కానీ ఆలోచిస్తే అది స్వేచ్ఛ కాదు. తెల్లటి బొచ్చుతో, పరిగెత్తడం మరిచిన కాళ్లతో వీధిలో వదిలితే ఆ రాత్రి గడవదు. కుక్కలకో గద్దలకో విందు. ఒకరిని మన మీద ఆధారపడేలా చేసుకున్నాక, పొమ్మనడం పుణ్యం ఎలా అవుతుంది? తేకుండా ఉండడం ఒక ధర్మం. తెచ్చాక ఉంచుకోవడం మరో ధర్మం. మొదటిది తప్పినవాళ్లకి రెండోదే మిగులుతుంది. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే పుట్టినరోజు కానుక కాదది, ఒక పిల్లని పెంచి పెద్దచేసినంత బాధ్యత. ఇప్పుడెవరైనా “మా వాడు కుందేలు కావాలంటున్నాడు” అంటే, ఆ మాటే ముందు చెబుతున్నాను.

ఇంకొకరు, “మనుషులకే దిక్కులేని రోజుల్లో కుందేలు పంటికి వైద్యమా!” అని నవ్వారు. దానికి జవాబు నా దగ్గర అప్పుడు లేదు. తర్వాత దొరికింది. అది ఇంట్లోనే దొరికింది.

దూది తేరుకున్న వారానికి ఒక రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం. కుందేలు గిన్నె చూసి చూసి అలవాటైన కళ్లు, ఎందుకో మా అత్తగారి కంచం మీద పడ్డాయి. చపాతీ తునకలు పప్పులో నానబెట్టుకున్నారు. బీన్స్ కూర ఒక పక్కకి నెట్టేసి ఉంది. మామిడికాయ పచ్చడి ముక్కని చప్పరించి పక్కన పెట్టేశారు. ఆవకాయ ముక్క కొరికితే గానీ ముద్ద దిగని మనిషి! నిన్న ఏం తిన్నారు? పెరుగన్నం. మొన్న? పెరుగన్నమే. నాకు గుండెలో ఏదో కలుక్కుమంది.

“అత్తమ్మా, మీకు తినొస్తలేదా?”

ఆవిడ నవ్వేశారు. “పండ్ల సెట్టు వదులైంది బిడ్డా. చిగురు కోస్తున్నది. ఆరు నెలలైంది.”

“ఆరు నెలలా! ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు రాసుకుంటుంటివి గదా” అన్నారావిడ. అందులో దెప్పు లేదు. దెప్పి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

దూదికి తినొస్తలేదని ఈ ఇంట్లో ఆవిడ ఒక్కరికే ఎలా తెలిసిందో అప్పుడు అర్థమైంది. “ఆడవాళ్లు పైకి చెప్పని మాటలు మీకెలా తెలుస్తాయండీ?” అని పాఠకురాళ్లు నాకు ఉత్తరాలు రాసేవారు. వాటిని బీరువాలో భద్రంగా దాచుకున్నాను. ఆరు నెలలపాటు రోజుకి రెండు పూటలు, మూరెడు దూరంలో ఉన్న కంచం మాత్రం నాకు కనిపించలేదు. మర్నాడే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. కుందేలు పంటి కోసం పెట్టిన ఖర్చు దండగ అన్నవాళ్లకి ఇదే నా జవాబు. చూపు ఒకరి మీద ఖర్చయితే ఇంకొకరికి తరిగిపోయేది కాదు. అలవాటైతే అదే పక్కవాళ్ల మీదికీ వెళుతుంది. అలవాటు కాకపోతేనే ఎవరి మీదా పడదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ఆవులకు మేత అమ్మేచోట పచ్చగడ్డి కట్ట తెచ్చి నీడలో ఆరబెడతాం. మార్కెట్టు నుంచి కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు వస్తాయి. మా బోయిన్‌పల్లి మార్కెట్టులో పారేసే కూరగాయల చెత్తతో కరెంటు తీస్తున్నారని 2021లో ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకుంటే వీధి వీధంతా పొంగిపోయాం. కూర అమ్మేవాళ్లు వలిచి పడేసే ఆకుల్లో మంచివి నాలుగు దూదికీ దక్కుతాయి. ఎండాకాలం షాబాదు బండల మీద తడిగుడ్డ పరిచి, గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెడతాం. కుందేలుకి చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. రాత్రిళ్లు హాలంతా దానికే వదిలేస్తాం. ఒక్కోసారి ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, నడుము మెలిపెట్టి దుముకుతుంది. సంతోషం పట్టలేనప్పుడు కుందేలు అలా చేస్తుందట. మా ఒళ్లో ఉన్న తొమ్మిది నెలల్లో ఒక్కసారీ అలా ఎగరలేదు.

దాన్నిప్పుడు ఎవరమూ ఎత్తుకోం. నేల మీద కూర్చుంటాం. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. తోడు లేకుండా ఒంటరిగా పెంచడం కూడా తప్పేనని చదివాను. ఆ బాకీ ఇంకా తీర్చలేదు. అన్నీ దిద్దుకున్నానని చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

కుందేలుకి గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. తనది అనుకున్న వస్తువుకి గడ్డం రాసి గుర్తు పెట్టుకుంటుంది. మా ఇంట్లో కుర్చీ కోళ్లు, గుమ్మాలు, మా వారి చెప్పులు అన్నీ దాని ఆస్తే. మొన్నొక రాత్రి నేను రాసుకుంటూ ఉంటే మెల్లగా వచ్చి, నా కాలి బొటనవేలికి గడ్డం రాసి వెళ్లిపోయింది. డబ్బిచ్చి దాన్ని కొనుక్కొచ్చింది మేమని ఇన్నాళ్లూ నా ఉద్దేశం. దాని లెక్క వేరేగా ఉన్నట్టుంది. ఎత్తుకుని గుండెకి హత్తుకోవాలనిపించింది. కలం అలాగే పట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. “తిన్నదా అది?”

“తిన్నది అత్తమ్మా. గడ్డి కట్టంతా ఖాళీ చేసింది.”

“మరి నువ్వు?”

గడియారం చూశాను. పదిన్నర దాటింది. నా కంచం బల్ల మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.